జూపార్కులో మన చుట్టం ఒంటరిగా ఉండొద్దు



ఈసారి విహారయాత్ర ఎక్కడికి అనగానే సగం కంటే ఎక్కువ చేతులు జూపార్కుకే లేచాయి. సంతోషం. జూపార్కుకు పోవద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పోదాం. కానీ పోయేముందు ఒక మాట ఆలోచించి పోదాం అని నా మనవి. మనం చూడబోయే జంతువులన్నిట్లో మనిషికి అందరికంటే దగ్గరి చుట్టం ఒకటుంది. దాన్ని బోనులో పెట్టొచ్చా? పెడితే ఎట్లాంటి బోనులో పెట్టాలి? ఒక్కదాన్నే పెట్టొచ్చా? ఈ మూడు ప్రశ్నల మీదే ఈ నెల నా అభిప్రాయం.

కోతి వేరు, వానరం వేరు

మొదట ఒక విషయం తేల్చుకుందాం. మన హాస్టల్ గోడెక్కి బట్టలు ఎత్తుకుపోయేది కోతి. దానికి తోక ఉంటుంది. చింపాంజీ కోతి కాదు. దానికి తోక ఉండదు. తోక లేని ఈ జాతిలో పెద్దవాటిని మహావానరాలు అనుకుందాం. అవి నాలుగు రకాలు. చింపాంజీ, బోనోబో, గొరిల్లా ఆఫ్రికాలో ఉంటాయి. ఒరాంగుటాన్ బోర్నియో, సుమత్రా దీవుల్లో ఉంటుంది. మన దేశపు అడవుల్లో మహావానరం ఒక్కటీ లేదు. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో హూలాక్ గిబ్బన్ ఉంది గానీ అది చిన్న వానరం.

అంటే మన జూలో చింపాంజీ కనిపించిందంటే అది ఇక్కడి బిడ్డ కాదు. సముద్రం అవతలి అడవికి చెందిన జాతి. మనం ఏటూరునాగారం నుంచో, ఉట్నూరు నుంచో, అమ్రాబాద్ నుంచో ఎల్.బి.నగర్ వచ్చి చదువుకుంటున్నం. దసరాకు బస్సెక్కితే ఇల్లు చేరుతం. దానికి అట్లాంటి బస్సు లేదు.

శాస్త్రవేత్తల లెక్క ప్రకారం చింపాంజీ జన్యువులు మన జన్యువులతో 98 శాతానికి పైగా కలుస్తాయి. జేన్ గుడాల్ అనే ఆమె 1960లో టాంజానియాలోని గోంబే అడవికి పోయి ఏళ్ళ తరబడి చింపాంజీలను చూసింది. ఒక చింపాంజీ గడ్డిపుల్లను చెదపుట్ట రంధ్రంలోకి దూర్చి, పుల్లకు పట్టుకున్న చెదపురుగులను నోటితో లాక్కొని తినడం ఆమె కళ్ళారా చూసింది. ఆకులు దూసి పుల్లను సరిచేసుకోవడం కూడా చూసింది. అప్పటిదాకా పనిముట్టు తయారుచేసేది మనిషి ఒక్కడే అని పుస్తకాల్లో ఉండేది. ఆ మాట మార్చుకోవాల్సి వచ్చింది. ఆమె 2025 అక్టోబరు 1న తన 91వ ఏట చనిపోయే దాకా వీటి కోసమే ఊరూరా తిరిగి మాట్లాడింది.

మరి మన ఊళ్ళలో ఉసిళ్ళు పట్టే వాళ్ళకు, పుట్టతేనె తీసే వాళ్ళకు ఈ తెలివి ఎంత గొప్పదో వేరే చెప్పాలా? ఏ పుట్టలో ఎప్పుడు పురుగు పైకి వస్తదో తెలియాలంటే అడవిని చదవాలి. చింపాంజీ అడవిని చదివిన జంతువు.

1970లో గాలప్ అనే శాస్త్రవేత్త చింపాంజీల ముందు అద్దం పెట్టి పరీక్షించాడు. అద్దంలో ఉన్నది తానే అని అవి గుర్తుపట్టాయి. తన ముఖం తనకు తెలిసిన జంతువుకు తాను ఒంటరినని తెలియదా?

ఎంత జాగా కావాలి? ఒక చిన్న లెక్క

లెక్కల పీరియడ్ అంటే భయపడే చెల్లెళ్ళు కూడా ఇది చేయొచ్చు. బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కు విస్తీర్ణం 380 ఎకరాలు. దీన్ని 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరిచారు. అంతకుముందు జంతువులు పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే బాగే ఆమ్‌లో ఉండేవి. 380 ఎకరాలంటే మనకు చాలా పెద్ద జాగా. కాళ్ళు పీకేదాకా నడిచినా ఒక్కరోజులో అయిపోదు. కానీ చదరపు కిలోమీటర్లలోకి మారిస్తే అది ఒకటిన్నర మాత్రమే.

అడవిలో ఒక చింపాంజీ గుంపు తిరిగే జాగా కొన్ని చదరపు కిలోమీటర్ల నుంచి పదుల చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. గుంపులో ఇరవై నుంచి నూరుకు పైగా ఉంటాయి. ఇప్పుడు మన పక్కకే చూడండి. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డులో పోతుంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. అది 14.59 చదరపు కిలోమీటర్లు. అంటే 3,600 ఎకరాలకు పైగా. ఒక మామూలు చింపాంజీ గుంపుకు దాదాపు అంత జాగా కావాలి. అంటే మొత్తం జూపార్కును, పులులను, ఏనుగులను, పక్షులను అన్నిటినీ ఖాళీ చేసి చింపాంజీలకే ఇచ్చినా వాటికి సరిపోదన్నమాట. అందులో ఒక మూల ఒక ఎన్‌క్లోజర్ ఇస్తే ఎట్ల సరిపోతది?

జాగా ఒక్కటే కాదు. జాగాలో ఏముంది అన్నది కూడా ముఖ్యం. చింపాంజీ మేలుకున్న సమయంలో దాదాపు సగం తిండి వెతుక్కోవడానికి, తినడానికే పోతుంది. సాయంత్రం కాగానే చెట్టెక్కి కొమ్మలు వంచి, ఆకులు పరిచి గూడు కట్టుకొని పడుకుంటుంది. రోజూ కొత్త గూడు. పిల్ల నాలుగైదేళ్ళు తల్లి పాలు తాగుతుంది. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు తల్లి వెంటే తిరిగి అన్నీ నేర్చుకుంటుంది. ఒకదాని ఒంటి మీద వెంట్రుకలు ఇంకొకటి గంటల తరబడి సవరిస్తూ కూర్చుంటుంది. మనం ఆదివారం మెట్ల మీద కూర్చొని ఒకరికొకరం జడలు వేసుకుంటూ చూసే పేలు, చెప్పుకునే ముచ్చట్లు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు సిమెంటు గచ్చు, ఇనుప చువ్వలు, గిన్నెలో కోసిపెట్టిన పండ్లు ఊహించుకోండి. పది నిమిషాల్లో తిండి అయిపోతుంది. మిగిలిన రోజంతా ఏం చేయాలి? అందుకే ఇట్లాంటి బోనుల్లో పెట్టిన జంతువులు ఒకేచోట ముందుకు వెనక్కు ఊగుతాయి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు అదే గీత మీద నడుస్తాయి. తమ వెంట్రుకలు తామే పీక్కుంటాయి. తిన్నది కక్కి మళ్ళీ తింటాయి. బయట నిలబడ్డ వాళ్ళు "అరే, డ్యాన్స్ చేస్తుంది చూడు" అని చప్పట్లు కొడతారు. అది డ్యాన్స్ కాదు. అది మనసుకు పట్టిన జబ్బు. "కోతి పుండు బ్రహ్మరాక్షసి" అని మన సామెత. గిల్లిగిల్లి పెద్దది చేసుకుంటుందని నవ్వుతాం. చేతికి వేరే పని లేకుండా చేసింది ఎవరని మాత్రం అడగం.

ఒంటరిగా బతికినవి

మన హైదరాబాద్ జూలో సుజీ అనే ఆడ చింపాంజీ ఉండేదని పాత పేపర్లలో చదివాను. సహారా గ్రూపు వాళ్ళు దాన్ని జూకు ఇచ్చారు. సిబ్బంది దాన్ని ప్రేమగానే చూసుకున్నారు. పుట్టినరోజు చేశారు, ఆ ఫోటోలు పేపర్లో పడ్డాయి. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ వార్తల్లోనే ఇంకొక మాట కూడా ఉంది. జూలో ఉన్న చింపాంజీ అదొక్కటే అని. కేకు చుట్టూ నిలబడ్డ వాళ్ళందరూ మనుషులే. తన భాషలో తనను పిలిచే గొంతు ఒక్కటీ లేదు. పుట్టినరోజు ఫోటో చూసి మనకు ముచ్చటేసింది. ఆ ముచ్చట మనది. దాని అవసరం వేరు.

ఇది ఒక్క మన జూ సంగతే కాదు. భువనేశ్వర్ దగ్గర నందన్‌కానన్ జూలో బిన్నీ అనే ఆడ ఒరాంగుటాన్ ఉండేది. 2003లో పుణె నుంచి తెచ్చారు. దేశం మొత్తంలో అదొక్కటే ఒరాంగుటాన్ అని చెప్పుకునేవాళ్ళు. "ఒకే ఒక్కటి" అని బోర్డు పెడితే మనకు గొప్పగా ఉంటుంది. దానికది శిక్ష. 41 ఏళ్ళ వయసులో 2019 మే 29న చనిపోయింది. మైసూరు జూలో పోలో అనే గొరిల్లా కూడా అట్లాగే ఒంటరిగా బతికి 2014లో చనిపోయింది. ఆ తర్వాత 2021లో మైసూరు వాళ్ళు జర్మనీ నుంచి గొరిల్లాలను తెచ్చినప్పుడు ఒకదాన్ని కాదు, రెండింటిని కలిపి తెచ్చారు. అంటే ఒంటరిగా పెట్టకూడదన్న సంగతి జూలవాళ్ళకూ తెలుసు.

చట్టానికి కూడా తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ చేశారు. దాని ప్రకారం 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. జూలకు గుర్తింపు ఇవ్వడం, తీసెయ్యడం దాని పని. ఆ 1992 నిబంధనల్లోనే, సరైన కారణం లేకుండా ఏ జంతువునూ జత లేకుండా ఏడాదికి మించి ఉంచరాదని రాశారు. జత దొరక్కపోతే వేరేచోటికి పంపాలన్నారు. వయసు మళ్ళిన జంతువులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. పిల్లలను కనే వయసు దాటితే తోడు అక్కర్లేదని దాని అర్థమా? మన ఊళ్ళో ముసలవ్వకు తోడు ఎక్కువ కావాలా, తక్కువ కావాలా?

అర్జెంటీనా దేశంలో మెండోజా అనే ఊరి జూలో సిసీలియా అనే చింపాంజీ ఉండేది. దానితో ఉన్నవి చనిపోయి అదొక్కటే మిగిలింది. సిమెంటు బోను. కొంతమంది వకీళ్ళు దాని తరఫున కోర్టుకు పోయారు. అన్యాయంగా జైల్లో పెట్టిన మనిషిని విడిపించడానికి వేసే పిటిషన్ లాంటిదే వేశారు. 2016 నవంబరులో జడ్జి ఒప్పుకుంది. 2017 ఏప్రిల్‌లో సిసీలియాను బ్రెజిల్‌లో వానరాల కోసం కట్టిన ఆశ్రయానికి పంపించారు. అక్కడ మట్టి ఉంది, చెట్టు ఉంది, వేరే చింపాంజీలు ఉన్నాయి. అక్కడ జరిగింది ఇక్కడ ఎందుకు జరగకూడదు?

బోనులో మనిషిని కూడా పెట్టారు

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి తెలియదు. 1906లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ జూలో, కోతులుండే ఇంట్లో, ఓటా బెంగా అనే మనిషిని ప్రదర్శనకు పెట్టారు. ఆయన కాంగో అడవికి చెందిన ఆదివాసి. పొట్టిగా ఉండే తెగ. ఒక ఒరాంగుటాన్‌ను కూడా ఆయనతో పెట్టారు. జనం గుంపులు గుంపులుగా వచ్చి చూశారు, నవ్వారు. అక్కడి నల్లజాతి పాస్టర్లు ఎదురుతిరిగి కొట్లాడితే గానీ ఆయన్ను బయటికి తేలేదు. బయటికి వచ్చినా తన అడవికి తిరిగి పోలేకపోయాడు. 1916లో అక్కడే చనిపోయాడు. ఆ జూను నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో. నూటపద్నాలుగేళ్ళ తర్వాత!

అంత దూరం ఎందుకు? 2012లో మన అండమాన్‌లో జరవా ఆడపిల్లలను తిండి ఆశ చూపి టూరిస్టుల ముందు ఆడించిన వీడియో బయటికి వచ్చి దేశమంతా గొడవైంది.

ఇది ఎందుకు రాశానంటే, ఆదివాసులను జంతువులతో పోల్చడానికి కాదు. ఆ పోలిక పెట్టింది బోను కట్టినవాళ్ళు. మనం కాదు. నేను చెప్పేది ఆ చూపు గురించి. "ఇది నాకు తమాషా, దానికి ఏమనిపిస్తే నాకేంటి" అనే చూపు ఒకటుంది. ఆ చూపు ఒకసారి అలవాటైతే చింపాంజీ దగ్గర ఆగదు. ఓటా బెంగా దాకా వస్తుంది. మన ఊరికి కెమెరా పట్టుకొని వచ్చి "కొంచెం డ్యాన్స్ చేయండమ్మా" అనేవాళ్ళ దాకా వస్తుంది. ఆ చూపు మన మీద పడితే ఎట్లుంటదో మనకు తెలుసు. అందుకే మనం ఇంకొక ప్రాణి మీద ఆ చూపు వేయకూడదు. గోండుల్లో ఒక్కొక్క గోత్రానికి ఒక జంతువో చెట్టో ఉంటుంది, దానికి హాని చేయరు. జంతువుతో చుట్టరికం కలుపుకోవడం సైన్సు పుస్తకం రాకముందే మన పెద్దలకు తెలుసు.

"కానీ..." అనేవాళ్ళకు జవాబులు

ఈ విషయం మీద రూముల్లో చర్చ పెడితే నాలుగు మాటలు వినిపించాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: "జూలో మంచిగ తిండి పెడతరు, డాక్టర్ ఉంటడు, ఎండాకాలం కూలర్లు, నీళ్ళ జల్లులు పెడతరు. అడవిలో అయితే పులి తింటది, ఆకలి ఉంటది. ఇంక ఏం కావాలె?"

తిండి, డాక్టర్ అవసరమే. కాదనను. కానీ మన సంగతే చూసుకోండి. హాస్టల్లో మూడుపూటలా తిండి ఉంది, మంచం ఉంది, జ్వరమొస్తే మాత్ర ఉంది. అయినా సెలవులు ఎన్ని రోజులున్నాయో పెట్టె మూతకు గీతలు గీసి లెక్కపెడతాం. ఎందుకు? తిండి ఒక్కటే బతుకు కాదు కాబట్టి. మనం చదువు కోసం మన ఇష్టంతో వచ్చాం, పక్క మంచం మీద స్నేహితురాలుంది. బోనులో ఉన్నదానికి ఆ రెండూ లేవు. జంతువుల బాగోగుల గురించి ప్రపంచమంతా ఒప్పుకున్న ఐదు స్వేచ్ఛలున్నాయి. ఆకలిదప్పులు ఉండకూడదు. ఉండే చోటు ఇబ్బందిగా ఉండకూడదు. నొప్పి, రోగం ఉండకూడదు. భయం, బాధ ఉండకూడదు. తన జాతికి సహజమైన పనులు చేసుకోగలగాలి. 2014లో మన సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో వీటి గురించి రాసింది. కూలరు, డాక్టరు మొదటి మూడింటికే జవాబు. చివరి రెండూ మిగిలే ఉన్నాయి.

రెండోది: "జూ లేకపోతే మనలాంటి పిల్లలకు జంతువులు ఎట్ల తెలుస్తయి?"

నిజమే, మనలో ఎవరికీ ఆఫ్రికా పోయే స్తోమత లేదు. కానీ ఒంటరిగా గచ్చు మీద కూర్చున్న చింపాంజీని చూసి మనం నేర్చుకునేది చింపాంజీ గురించి కాదు. గూడు కట్టని, పుల్ల పట్టని, గుంపు లేని చింపాంజీని చూస్తే తప్పు పాఠమే వస్తుంది. కంప్యూటర్ ల్యాబ్‌లో గోంబే అడవి ఫిల్మ్ ఒక గంట వేస్తే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

మూడోది: "జూలు జాతులను కాపాడుతయి కదా?"

కాపాడిన చోట మెచ్చుకోవాల్సిందే. మన నెహ్రూ జూలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. మూషిక జింక అని కుందేలంత ఉండే బుల్లి జింక నల్లమలలో తగ్గిపోతుంటే, సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలతో కలిసి 2010 నుంచి జూలో వాటి సంతతిని పెంచారు. తర్వాత కొన్నింటిని అమ్రాబాద్ అడవిలో వదిలిపెట్టారు. అమ్రాబాద్ నుంచి వచ్చిన మన అక్కలు గర్వపడాల్సిన సంగతి ఇది. జూ అంటే ఇట్లుండాలి. ఇక్కడి జంతువును పెంచి ఇక్కడి అడవికి తిరిగి ఇవ్వాలి. కానీ ఒంటరి చింపాంజీతో ఏ జాతి పెరుగుతుంది? హైదరాబాద్ నుంచి ఏ చింపాంజీని ఏ ఆఫ్రికా అడవిలో వదిలారు? ఇంకొకటి. అడవిలో చింపాంజీ పిల్లను పట్టుకోవాలంటే ముందు తల్లిని చంపాలి. తల్లి బతికుండగా పిల్లను వదలదు. అందుకే మహావానరాల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం నిషేధించింది. అయినా దొంగతనంగా నడుస్తూనే ఉంది. జూలు, డబ్బున్నవాళ్ళు వాటి కోసం ఎగబడినంత కాలం నడుస్తుంది.

నాలుగోది, అన్నిటికంటే గట్టిది: "మనుషులకే దిక్కు లేదు, మన బాత్రూం నల్లా సంగతే ఎవరూ పట్టించుకోరు, కోతుల గురించి మనకెందుకు?"

ఈ మాటన్న అక్క మీద నాకు కోపం లేదు. నల్లా సంగతి వచ్చే నెల గోడపత్రికలో తప్పకుండా రాస్తాం (వార్డెన్ మేడం గారు గమనించగలరు). కానీ ఆ రెండూ వేరువేరు సంగతులు కావు. ఒకరి గదిని వేరొకరు నిర్ణయిస్తారు. లోపల ఉండేవాళ్ళను అడగరు. తనిఖీకి వచ్చినవాళ్ళు రంగు వేసిన గోడ చూసి బాగుందని రాసుకొని పోతారు. మనకు కనీసం ఈ గోడ ఉంది, రాసుకోవడానికి. దానికి ఏ గోడా లేదు. అడగగలిగినవాళ్ళు అడగలేనివాళ్ళ గురించి కూడా అడగాలి. మన రాజ్యాంగంలో 51ఎ (జి) ప్రకారం అడవులను, వన్యప్రాణులను కాపాడటం, ప్రాణులపై దయ చూపడం మన బాధ్యత. సాంఘికశాస్త్రం పరీక్షలో రెండు మార్కులకు రాసి వదిలేసేది కాదు కదా.

బోను బాగాలేకపోతే ఇద్దరికీ ప్రమాదమే

ఎన్‌క్లోజర్ సరిగ్గా లేకపోతే నష్టం జంతువుకే కాదు. 2016 మే 28న అమెరికాలోని సిన్సినాటి జూలో మూడేళ్ళ పిల్లవాడు కంచె దాటి గొరిల్లా కందకంలో పడ్డాడు. పిల్లవాణ్ణి కాపాడటానికి హరాంబే అనే ఆ గొరిల్లాను కాల్చి చంపారు. గొరిల్లా చేసిన తప్పేమిటి? పిల్లవాడి తప్పేమిటి? కంచె తప్పు. మన జూలోనే సింహాల దగ్గరికి మనుషులు దిగిన సంఘటనలు 2016లో, 2021లో జరిగాయి. సిబ్బంది ప్రాణాలకు తెగించి వాళ్ళను కాపాడారు. 2000 అక్టోబరులో ఇదే జూలో సఖి అనే ఆడపులిని దొంగలు ఎన్‌క్లోజర్‌లోనే చంపి చర్మం వలుచుకొని పోయారు. బోనులో ఉంటే క్షేమం అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు.

రోగాల సంగతి కూడా ఉంది. 2021 మేలో మన జూలో 8 సింహాలకు కరోనా వచ్చింది. సింహాలకే మన రోగం అంటితే, మనకు అంత దగ్గరైన చింపాంజీకి ఇంకెంత తొందరగా అంటుతుంది? మన మామూలు జలుబు కూడా వాటి ప్రాణం తీయగలదు. సగం తిని విసిరిన బిస్కెట్టు ప్రేమ కాదు, రోగం.

నా అభిప్రాయం, నా కోరికలు

అన్నీ చెప్పాక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన తెలుగు రాష్ట్రాల జూలకు ఇకమీద కొత్తగా మహావానరాలను తేవద్దు. ఇప్పటికే మన దేశంలో ఏ జూలో ఉన్నవైనా వాటిని ఒంటరిగా ఉంచొద్దు. తోడు తేలేకపోతే, తోడున్న చోటికి పంపాలి. జూకు "మా దగ్గర చింపాంజీ ఉంది" అనే పేరు పోతే పోనీ.

తోడుతో పాటు చేయాల్సిన పనులకు కోట్ల రూపాయలేమీ అక్కర్లేదు. గచ్చు మీద మట్టి పోసి గడ్డి పెంచాలి. ఎక్కడానికి ఎత్తైన మొద్దులు, తాళ్ళు, పాత టైర్లు కట్టాలి. రోజూ పచ్చి కొమ్మలు, గోనెసంచులు వేస్తే అవే గూడు కట్టుకుంటాయి. తిండి గిన్నెలో పెట్టకుండా అక్కడక్కడ దాచిపెట్టాలి. సిమెంటుతో పుట్ట కట్టి రంధ్రాల్లో తేనె పోస్తే పుల్లతో తీసుకొని తింటాయి, గంటల తరబడి పని దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మన కళ్ళ నుంచి తప్పుకొని కూర్చోవడానికి ఒక చాటు ఉండాలి. జనానికి కనబడకపోతే టికెట్ డబ్బులు దండగా అంటారేమో. కనబడకపోవడం కూడా దాని హక్కే. సోమవారం జూకు సెలవు. ఆ ఒక్కరోజు దానికి చూపుల నుంచి విడుదల. మిగిలిన ఆరు రోజులు కూడా ఒక మూల విడుదల ఉండాలి.

జంతువులను రోజూ చూసుకునే కీపర్ అన్నల మాట కూడా వినాలి. ఏది ఎందుకు దిగులుగా ఉందో పెద్ద ఆఫీసర్ కంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. జూలో జంతువులను దత్తత తీసుకునే పథకం ఉంది. డబ్బిచ్చే పెద్దలు బోర్డు మీద పేరు రాయించుకోవడంతో ఆగకుండా ఎన్‌క్లోజర్ బాగు చేయమని అడగాలి.

ఇక మనం చేయాల్సినవి. విహారయాత్రకు పోయేవాళ్ళందరికీ నా విన్నపాలు ఇవి:

1. అద్దం మీద కొట్టొద్దు, అరవొద్దు, వెక్కిరించొద్దు, ఏమీ విసరొద్దు. చిన్నపిల్లలను పెద్దక్కలు చూసుకోవాలి.

2. అన్ని జంతువుల ముందూ పరుగెత్తడం కాకుండా, ఒక్కొక్కరు ఒక్క జంతువు ముందు పదిహేను నిమిషాలు మౌనంగా నిలబడి చూడాలి. నోట్‌బుక్‌లో రాయాలి. ఒంటరిగా ఉందా, తోడుందా? కింద మట్టి ఉందా, గచ్చా? నీడ ఉందా, దాక్కునే చోటుందా? ఒకే పని మళ్ళీమళ్ళీ చేస్తుందా?

3. తిరిగొచ్చాక ఆ రాసినవన్నీ కలిపి జూ క్యూరేటర్ గారికి మన పాఠశాల పేరుతో ఉత్తరం రాద్దాం. బాగున్నది బాగుందని, బాగాలేనిది బాగాలేదని. వార్డెన్ మేడం గారు సంతకం చేసి పంపించాలని కోరుతున్నాను.

4. అదే వారంలో ఒక పూట హరిణ వనస్థలికి కూడా తీసుకుపోవాలని టీచర్లకు మనవి. మనకు దగ్గర, బస్సు ఖర్చు తక్కువ. ఒకప్పుడు అది నిజాంల వేటస్థలం. 1975 నుంచి జింకలకు రక్షణ స్థలం. అక్కడ మనం బండిలో కూర్చుంటాం, కృష్ణజింకలు బయట తిరుగుతాయి. హైవే చప్పుడు ఉంది, చుట్టూ గోడ ఉంది, అది కూడా పూర్తి అడవి కాదు. కానీ బండిలో మనం, బయట జింక ఉన్నప్పుడు చూపు ఎట్ల మారుతదో మీరే చూడండి.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో దిగిన ప్రతిసారీ ఆ పేరు చదువుతాం. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. కడుపుకు సుఖం వేరు, మనసుకు సుఖం వేరు. బోను కట్టేవాళ్ళకు కూడా అది తెలియాలి.

నా మాటలు ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. ఉండాలి కూడా. ఈ కాగితం కింద ఒక తెల్లచార్టు అంటించాం, దారంతో పెన్సిల్ కట్టాం. ఒప్పుకుంటే ఎందుకో, ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి. పేరు రాయడం మీ ఇష్టం. పెన్సిల్ మాత్రం దయచేసి తీసుకుపోకండి.

– పదో తరగతి, 'ఎ' సెక్షన్